మాట దిద్దుకునే హక్కు

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఒక సెకండరీ స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. చేరిన కొత్తలో ఒక రోజు, మొదటి ఏడాది చదివే పిల్ల తన ఊరి గురించి రెండు పేజీల వ్యాసం టైపు చేసింది. గంట కొట్టగానే మూసేయబోయింది. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న, దాని కింద మూడు బొత్తాలు వచ్చాయి: సేవ్, డిస్కార్డ్, క్యాన్సిల్. మధ్యది నొక్కింది. రెండు పేజీలూ పోయాయి. “మ్వలిమూ, నా వ్యాసం ఎక్కడికి వెళ్లింది?” అని అడిగింది. మ్వలిము అంటే గురువు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు.

టాంజానియాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువు ప్రధానంగా స్వాహిలీలో సాగుతుంది. సెకండరీకి రాగానే పాఠాలు ఇంగ్లీషులోకి మారతాయి. అప్పటిదాకా లెక్కలూ సైన్సూ సొంత మాటల్లో నేర్చుకున్న పిల్లలు ఒక్కసారిగా తడబడతారు. అదే వయసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, యంత్రమూ కొత్తే, అది మాట్లాడే భాషా కొత్తే. ఆ పిల్ల వ్యాసం పోవడానికి కారణం ఆమె చేతకానితనం కాదు. డిస్కార్డ్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దీనికి మందు అదే ఊళ్లో తయారైంది. దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ సైన్సు శాఖ, స్వీడన్ వాళ్లతో కలిసి ‘కిలినక్స్’ అనే పని చేపట్టింది. 2004 డిసెంబరులో ‘జాంబో ఓపెన్‌ఆఫీస్’ బయటికొచ్చింది. ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కల పట్టికలు వేసుకోవడానికి పనికొచ్చే ఓపెన్‌ఆఫీస్‌కు స్వాహిలీ రూపం అది. జాంబో అక్కడి పలకరింపు. కిలినక్స్‌లోని ‘కి’ భాషల పేర్ల ముందు చేరే అక్షరం: స్వాహిలీ భాష కిస్వాహిలి, ఇంగ్లీషు కియింగెరెజా. ఆ లెక్కన మన భాష కితెలుగు.

ఓపెన్‌ఆఫీస్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఈ అనువాదానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచిపెట్టొచ్చు. తెర మీద కనిపించే మాటలన్నీ ప్రోగ్రాం నుంచి వేరుచేసి ఒక ఫైల్లో ఉంటాయి. ఇంగ్లీషు వాక్యం పైన, దాని కింద ఖాళీ. ఆ ఖాళీని మన భాషలో నింపాలి. అలాంటి ఖాళీలు వేలల్లో ఉంటాయి. ఒకచోట వాడిన మాటే అన్నిచోట్లా వాడాలి. అందుకే ముందు పదకోశం తయారుచేసుకోవాలి.

కంప్యూటర్ కోసం స్వాహిలీలో ఎంచుకున్న మాటల్ని చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. మౌస్‌ను కిపాన్యా అన్నారు, అంటే చిట్టెలుక. సేవ్‌కు హిఫాధి, అంటే భద్రంగా దాచడం. హైదరాబాదులో పెరిగినవాళ్లకు ఉర్దూ మాట హిఫాజత్ గుర్తొస్తుంది. రెండూ ఒకే అరబ్బీ వేరు నుంచి మొలిచినవే. డౌన్‌లోడ్‌కు పకూవా. ఓడలోంచి సరుకు దించడాన్ని అలా అంటారు, వండిన అన్నం కుండలోంచి తీసి పెట్టడాన్నీ అలాగే అంటారు. తెలుగులో డౌన్‌లోడ్‌ను ‘దించుకోలు’ అన్నప్పుడు మనకూ బరువు దించడం, పొయ్యి మీది కుండ దించడం స్ఫురిస్తాయి. బ్రౌజర్‌ను కివింజారి అన్నారు, అటూ ఇటూ తిరుగుతూ చూసేది అని. తెలుగు అనువాదకులు దానికి ‘విహారిణి’ అని పేరుపెట్టారు. సముద్రానికి అటువైపున వాళ్లు, ఇటువైపున మనవాళ్లు ఒకే ఊహ చేశారు.

మాటలు దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. ‘ఫలానాది తొలగించబడింది’ అనే వాక్యంలో ఆ ‘ఫలానా’ ఏమిటో ప్రోగ్రాం తర్వాత చేరుస్తుంది. ఇంగ్లీషులో ఏకవచనం, బహువచనం తేడా తప్ప ఏది చేర్చినా క్రియ మారదు. స్వాహిలీలో నామవాచకాలు గుంపులుగా ఉంటాయి, ఏ గుంపు అక్షరం ఆ గుంపు క్రియకు ముందు అతుక్కుంటుంది. కితాబు అంటే పుస్తకం, బహువచనం వితాబు. పుస్తకాన్ని తొలగిస్తే కితాబు కిమెఫుత్వా, పుస్తకాల్ని తొలగిస్తే వితాబు విమెఫుత్వా. ఫోటో అయితే పిచా ఇమెఫుత్వా. ఒక్క అచ్చు వాక్యంలో ఇవన్నీ ఇమడవు. వాక్యాన్నే తిప్పి రాయాలి: ‘ఉమెఫుతా:’ అని, అంటే ‘మీరు తొలగించినది:’ అని పెట్టి, పక్కన పేరు వదిలేయాలి. ఇది వ్యాకరణం తెలిసినవాళ్లకు తడుతుంది, కోడ్ మాత్రమే తెలిసినవాళ్లకు తట్టదు.

అనువాదం అంటే ఆ దేశానికి చిన్నపని కాదు. టాంజానియాకు తొలి అధ్యక్షుడైన జూలియస్ న్యెరెరె షేక్‌స్పియర్ నాటకం ‘జూలియస్ సీజర్’ను స్వాహిలీలోకి అనువదించి 1963లో అచ్చువేయించారు. 1969లో ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ అనువాదమూ తెచ్చారు. ఆయన్ని కూడా జనం మ్వలిము అనే పిలిచేవారు.

జాంబో మా స్కూలుకు వచ్చాక కొన్ని మాటలు పిల్లలకు నచ్చలేదు. కంప్యూటర్‌కు తరకిలిషి అని కొత్తగా కట్టిన మాట ఉంది. మా పిల్లలు మాత్రం కొంప్యూటా అనేవారు. నేను కాదనలేదు. నోట్లో నలిగిన మాటే నిలుస్తుంది. అయితే నచ్చని మాట ఉంటే చెప్పమన్నాను. బల్ల మీద కాగితం పెట్టి, ఎదురైన ప్రతి ఇబ్బందినీ రాయించాను. ఆ కాగితం నాకు పాఠం చెప్పింది. కొన్న సాఫ్ట్‌వేర్‌లో తప్పు మాట ఉంటే కంపెనీ దయ తలచేదాకా దాంతోనే సర్దుకోవాలి. ఓపెన్ సోర్స్‌లో ఆ మాటను బడిపిల్ల కూడా దిద్దొచ్చు. పరాయి యంత్రంలోకి మన భాష చేరడం సగం పనే. దాన్ని దిద్దుకునే అధికారం మన చేతికొచ్చాకే అది మన భాష అవుతుంది.

ఇప్పుడు జులై 7ను స్వాహిలీ భాషా దినోత్సవంగా ప్రపంచమంతా జరుపుకుంటోంది. యునెస్కో 2021లో ఆ నిర్ణయం చేసింది. తెలుగులోనూ ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వంటివాటిని జీతం ఆశించకుండా అనువదించినవాళ్లు ఉన్నారు. వాళ్ల పనిని కనీసం వాడి చూడండి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో భాషను ఒక వారం తెలుగుకు మార్చండి. ఏ మాట అయినా కాలికి రాయిలా తగిలితే విసుక్కుని ఇంగ్లీషుకు వెళ్లిపోకండి. దాని బదులు ఏ మాట బాగుంటుందో రాసి పంపండి. ఆ ఒక్క మాటతో ఎక్కడో ఒక పిల్ల రాసిన రెండు పేజీలు పోకుండా ఉంటాయి.