సర్వీసు అంటే ఏ సర్వీసు?

నెల్లూరు జిల్లా మర్రిపాడులో "సర్వీసు వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే, అడిగింది ఎక్కడన్నది చూసుకొని జవాబు చెప్పాలి. ముంబై రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళకు అది బస్సు. కొత్తగా బోరు వేయించిన రైతుకు కరెంటు కనెక్షను. ఆఫీసులో పనిచేసేవాళ్ళకు ఉద్యోగం చేసిన ఏళ్ళు. కోర్టు మెట్లెక్కినవాళ్ళకు నోటీసు చేతికి అందడం. నోటి మాటలో ఇబ్బంది లేదు, పక్కనున్న మాటలే అర్థం చెబుతాయి. కాగితం మీద ఒంటరిగా కనిపించినప్పుడే చిక్కు.

బస్సు సంగతి తేలిక. ఇటు ఆత్మకూరులో, అటు ఉదయగిరిలో ఆర్టీసీ డిపోలున్నాయి. అక్కడ ఒక్కో ట్రిప్పుకూ ఒక సర్వీసు నంబరు ఉంటుంది. ఆ బస్సులు నడిపేవాళ్ళు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. సర్వీసులు నడిపేవాళ్ళే సర్వీసులోకి వచ్చారన్నమాట. ఈ రెండో సర్వీసుకు ఒక పుస్తకం ఉంది, సర్వీసు రిజిస్టరు. చేరిన తేదీ, సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు అన్నీ అందులో ఎక్కుతాయి. రేపు పింఛను లెక్క కట్టేది దాన్ని బట్టే. అందుకే ఏడాదికోసారైనా తీసి చూసుకోమని పెద్ద గుమాస్తాలు చెబుతుంటారు.

కరెంటు దగ్గర ఈ మాటకు హద్దు గీసి ఉంది. స్తంభం నుంచి మన మీటరు దాకా వచ్చే తీగ సర్వీసు వైరు. 2003 విద్యుత్ చట్టం కూడా సర్వీసు లైనుకు దాదాపు ఇదే అర్థం రాసింది. సర్వీసు నంబరు ఉండేది కనెక్షనుకు, మనిషికి కాదు. కాబట్టి ఒకే రైతుకు రెండు సర్వీసులుండొచ్చు. తండ్రి పోయాక కూడా సర్వీసు ఆయన పేరునే నడుస్తుండొచ్చు. పొలం చేతులు మారినా సర్వీసు దానంతటది మారదు. పేరు మార్పుకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

జనం ఎక్కువగా నలిగిపోయేది భూమి కాగితాల్లోని సర్వీసు దగ్గర. పాత రికార్డులో "సర్వీసు ఇనాం" అని కనిపిస్తే ఆ భూమిని ఒకప్పుడు జీతానికి బదులుగా ఇచ్చారని అర్థం. ఊళ్ళో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి చేసే పనికీ, గుడిలో అర్చన చేసేవారికీ, మేళం వాయించేవారికీ అలాంటి మాన్యాలుండేవి. పని చేసినంత కాలం పంట తినాలి. అంతేగాని అమ్ముకునే ఆస్తి అన్న లెక్క లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో మొదలైన ఇనాం కమిషను ఊరూరా ఈ మాన్యాలను విచారించి, ఏ భూమి ఎవరికి ఏ పని కోసం ఇచ్చారో రాయించింది. ఆ పుస్తకమే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఆంధ్ర ప్రాంతంలో ఇనాంలను రద్దుచేసి రైత్వారీలోకి మార్చే చట్టం 1956లో వచ్చింది.

పనులు పోయాయి, చట్టాలు మారాయి, కాగితం మీద "సర్వీసు" మాత్రం మిగిలింది. అది ఊరి సర్వీసా, గుడి సర్వీసా అన్నదే ఇక్కడ ప్రాణం. గుడి సేవకు ఇచ్చిందైతే దేవాదాయ భూమి లెక్కలోకి వస్తుంది. కుటుంబం తరతరాలుగా సాగు చేస్తున్నా అమ్మే వీలుండదు, రిజిస్ట్రేషను చట్టం 22ఎ సెక్షను కింది నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషను జరగదు. ఊరి పనికి ఇచ్చిందైతే దారి వేరు. ఒకే మాట రెండింటికీ ఉండడంతో ఊరి మాన్యం గుడి మాన్యంగా పొరబాటుపడే వీలుంది. అందుకని అలాంటి పొలం కొనేవాళ్ళు, వారసత్వంగా పొందినవాళ్ళు అడంగల్ చూసి ఆగిపోకూడదు. ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించి, ఏ పనికి ఇచ్చారన్న కాలమ్ చదివించుకోవాలి. ఎంత తిరగాల్సి వచ్చినా ఈ పని మానకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక కోర్టు సర్వీసు. సమన్లు మన చేతికే రావాలని చాలామంది అనుకుంటారు. 1908 సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారం, సంతకం పెట్టనని నిరాకరించినా, ఎంత వెతికినా మనిషి దొరకకపోయినా, అతను నివసించే ఇంటి తలుపు మీద అంటించి వెళ్ళవచ్చు. కోర్టు ఆదేశిస్తే పత్రికలో ప్రకటన వేసినా సర్వీసు అయినట్టే. పనులకని బెంగుళూరో చెన్నయ్యో వెళ్ళిన కుటుంబాల మీద ఇలాగే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే వాళ్ళు హాజరు కాకుండానే ఇచ్చే డిక్రీ, పడిపోవచ్చు.

అప్పుడూ దారి మూసుకుపోదు. డిక్రీ రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. మామూలుగా అది డిక్రీ తేదీ నుంచి నడుస్తుంది. సమన్లు సరిగ్గా సర్వీసు కాలేదని తేలితే, డిక్రీ సంగతి మనకు తెలిసిన రోజు నుంచి నడుస్తుంది. కేవలం పత్రికా ప్రకటనతో అయిన సర్వీసును ఈ గడువు లెక్కలో సరైన సర్వీసుగా చూడరు. 1963 కాలపరిమితి చట్టం 123వ అధికరణం ఈ మాట విడమరచి చెప్పింది. ఆలస్యంగా తెలిసినవాళ్ళు వకీలును ముందుగా అడగాల్సింది, సర్వీసు ఏ పద్ధతిలో జరిగినట్టు కోర్టు ఫైలులో రాసి ఉందని.