లాంతర్లంటే ఏటి బావూ?

ఇజీనారం టేసన్‌లో ఆటో ఎక్కి, మూడు లాంతర్లకాడ దింపమన్నాను. ఆటో తోలే గుంటడు అడిగినాడు: "ఆ పేరెందుకొచ్చింది బావూ?"

రోజూ పదిసార్లు ఆ పేరు కేకేసేవోడే. తప్పు ఆడిది కాదు. కరెంటు లేని రోజుల్లో అక్కడో స్తంభానికి లాంతర్లు ఎలిగేవి. ఆ పాత స్తంభాన్ని 2020లో కూల్చేసినారు. గంటస్తంభం కళ్లెదురుగా ఉంది గనక దాని పేరుకి అర్థం ఎవులూ అడగరు. వస్తువు పోతే పేరు మాత్రం మిగుల్తాది, మూగదైపోతాది.

ఊరు మారొద్దని నాననను. సిరిమాను పండక్కి జనం పెరిగినారు, రోడ్డూ పెరగాల. కానీ పేరెనకాల కథ సెప్పే నోరుండాల. దిగేముందు ఆ గుంటడికి సెప్పినాను. ఈపాలి ఎవులైనా అడిగితే ఆడే సెప్తాడు.