భూగర్భజలం: హద్దులున్న హక్కు, హద్దులేని వనరు

ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో పోచారం జలాశయపు కాలువ కింద సాగుచేసే రైతుకు నీటిపై గలది వాడుక హక్కు మాత్రమే, వనరు ప్రభుత్వానిది. కామారెడ్డి పరిసరాల చల్క నేలల్లో బోరు వేసుకొన్న రైతు స్థితి వేరు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం, నిర్దిష్ట ప్రవాహంగా లేని భూగర్భజలాన్ని తన హద్దుల్లో సేకరించుకొనే అధికారాన్ని భూయజమానికే ఇచ్చింది.

అయితే పట్టా హద్దులను ఈ నీరు ఎరుగదు. గ్రానైటు శిలల పగుళ్లలో నిలిచిన నీటిని లోతైన బోరు లాగివేస్తే పక్క కమతంలోని బావి ఎండుతుంది. చెరువు నిండితే దిగువ బావులన్నీ ఊరుతాయి. కాని చెరువు నీటిపారుదల శాఖది, శిఖం భూమి లెక్క రెవెన్యూ శాఖది, పంపుకు కరెంటు పంపిణీ సంస్థది.

నీరు, భూమి, చెట్లను ఒకే శాసనం కిందికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బావుల నమోదును విధించి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావిని నిషేధించింది. చట్టం ఏకమైనది గాని శాఖలు ఏకం కాలేదు. పైగా తవ్వకానికి నిబంధన ఉన్నది, తోడకానికి కొలత లేదు. 2018 జనవరి నుండి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట ఈ లోపం మరింత బరువైనది.

2015 మార్చిలో మిషన్ కాకతీయ ఆరంభమైనది ఈ ప్రాంతపు సదాశివనగర్‌లోనే. పూడికతీతతో పెరిగే ఊట ఉమ్మడి ధనంతో వచ్చినది. దానిని ముందుగా అందుకొనేది మాత్రం లోతైన బోరు గలవాడే. బావుల నీటిమట్టాన్ని రైతులే కొలిచి, ఊరంతటికీ పంటల నీటి లెక్క వేసుకొన్న ఏపీఫామ్స్ పథకం ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరవు జిల్లాల్లో నడచింది. నాటి నిజామాబాద్ జిల్లా వాటిలో లేదు.