పనిచేసే ఇల్లు కూడా ఆఫీసే!

మన ఇంట్లో గిన్నెలు తోమే అక్కకి హెచ్‌ఆర్ లేదు కదా. పనిచేసే ఇంట్లో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకోవాలి? "ఆ ఇల్లు మానేయ్" అంటారు చుట్టుపక్కల వాళ్లు. మానేస్తే ఆ నెల జీతం వస్తుందన్న గ్యారంటీ ఉందా?

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఇల్లు కూడా పని ప్రదేశమే. ఘటన జరిగిన 3 నెలల్లోపు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు రాసివ్వాలి. రాయడం రాదా? రాయడానికి కమిటీ వాళ్లే సాయం చేయాలి, ఇది చట్టంలోనే ఉంది! కేసులో బలం కనిపిస్తే 7 రోజుల్లో పోలీసులకి పంపాలి.

జీతం, సెలవుల సంగతి వేరు. వాటికి దేశమంతటికీ ప్రత్యేక చట్టం లేదు. దాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

మీ జిల్లా స్థానిక కమిటీ ఎక్కడుందో కలెక్టరేట్‌లో అడిగి, అక్క ఫోన్‌లో సేవ్ చేసివ్వండి.