పిస్తోలు మీద ఎర్ర చుక్క: కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు

"రెడ్ డాట్ సైటు అంటే ఏమిటండీ? మన పిస్తోలుకు పెట్టించుకోవచ్చా?" అని ఈ మధ్య మన సంఘం ఆఫీసులో అడిగేవారు ఎక్కువయ్యారు. వారు మూడు రకాలు. వ్యాపారరీత్యా ఏనాడో లైసెన్సు తీసుకుని, ఇప్పుడు చత్వారంతో ముందు సైటు మసకగా కనిపిస్తున్న పెద్దలు మొదటి రకం. పిల్లలను షూటింగ్ శిక్షణకు పంపుతున్న తల్లిదండ్రులు రెండో రకం. అమెరికాలో ఉన్న కొడుకు కొన్నాడనో, వచ్చేటప్పుడు ఒకటి తెస్తానన్నాడనో చెప్పేవారు మూడో రకం. ముగ్గురికీ జవాబు ఒకటి కాదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాము.

అసలు ఇది ఏమిటి

మామూలు పిస్తోలు మీద వెనుక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. గాడి, మొన, లక్ష్యం మూడూ ఒక వరుసలోకి రావాలి. కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. నలభై దాటినవారికి చేయి చాచిన దూరంలోని మొన ముందుగా మసకబారుతుంది.

రెడ్ డాట్ సైటులో ఒక చిన్న ఎల్ఈడీ దీపం తన వెలుగును పూత పూసిన గాజు బిళ్ల మీద వేస్తుంది. ఆ వెలుగు తిరిగి మన కంటికి వస్తుంది. చుక్క లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. చూపు లక్ష్యం మీద ఉంచితే చాలు. ఇది లేజర్ కాదు. ఎదుటివారి మీద ఎర్ర చుక్క పడదు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైటును మార్కెట్లోకి తెచ్చింది. చిన్న పిస్తోళ్ల మీదకు ఇది విరివిగా వచ్చింది మాత్రం ఈ పది, పదిహేనేళ్లలోనే. గ్లాక్ కంపెనీ సైటు బిగించుకునే చోటుతో సహా పిస్తోళ్లు అమ్మడం మొదలుపెట్టింది 2015లో.

పిల్లలకు కొనవద్దు

తల్లిదండ్రులకు మా మాట ఒక్కటే. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పిస్తోలు పోటీల్లో ఓపెన్ సైట్లకే అనుమతి ఉంది. రెడ్ డాట్, లేజర్, దూరదర్శిని వంటివన్నీ నిషేధం. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచింది ఆ గాడి, మొనలతోనే. సికింద్రాబాదులో పుట్టిన నటుడు అజిత్ కుమార్ 2021లో తమిళనాడు రాష్ట్ర షూటింగ్ పోటీల్లో పతకాలు గెలిచాక మన చెన్నైలో ఈ ఆట మీద మోజు పెరిగింది. మంచిదే. పిల్లవాడికి చూపు ఇబ్బంది ఉంటే షూటింగ్ కళ్లద్దాలు పెట్టించండి. దానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

కాగితం ముందు, పిస్తోలు తరువాత

ఇక లైసెన్సు ఉన్న పెద్దల సంగతి. చెన్నై నగరంలో ఆయుధ లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్ కార్యాలయం. 2019 సవరణ తరువాత ఒకరి పేరు మీద ఉండదగిన ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాలను తయారు చేయడం, మార్చడం, మరమ్మతు చేయడం అందుకు లైసెన్సు ఉన్నవారి పని. "అంబత్తూరులో తెలిసిన లేతు షాపు ఉంది, గంటలో గాడి కోయించేద్దాం" అనుకోవద్దు. ముందుగా కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. జవాబు కాగితం రూపంలో తీసుకోండి. లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలోనే పని చేయించి, రసీదును లైసెన్సు పుస్తకంతో పాటు దాచుకోండి.

ఇంకో మాట. మన ఇళ్లలో ఉన్న పాత .32 రివాల్వర్లు, పిస్తోళ్లలో చాలావాటికి ఈ సైటు బిగించే చోటే లేదు. అలాంటి వాటిని కోయించడం కన్నా, చేయి చాచిన దూరం కొలిపించి కంటి డాక్టరు దగ్గర అద్దాలు రాయించుకోవడం మేలు. ఖర్చూ తక్కువ, చిక్కూ లేదు.

అమెరికా నుంచి తెచ్చే ఆలోచన ఉన్నవారు గట్టిగా గుర్తుంచుకోవాలి. రెడ్ డాట్ సైట్లు ఆ దేశపు ఎగుమతి చట్టాల నియంత్రణలో ఉన్న వస్తువులు. పచ్చడి సీసాల మధ్య పెట్టెలో పెట్టుకుని తేవలసినవి కావు. అక్కడ ఎగుమతి అనుమతి, ఇక్కడ కస్టమ్స్ అనుమతి తేలకుండా తెప్పించుకుంటే చిక్కుల్లో పడేది పిల్లవాడి వీసా, ఉద్యోగం.

ఎంచుకునేటప్పుడు

ఇది అమెరికాలో చట్టప్రకారం పిస్తోలు ఉంచుకున్న మన పిల్లలకూ, ఇక్కడ అనుమతి దొరికినవారికీ.

మొదట, పాదు కలవాలి. ప్రతి సైటుకూ అడుగున స్క్రూల అమరిక వేరు. ఆర్ఎంఆర్ అమరిక సైటు పెద్ద స్లైడుకు సరిపోతుంది. సన్నటి చిన్న పిస్తోళ్లకు ఆర్ఎంఎస్‌సీ అమరిక ఎక్కువ. పిస్తోలు పేరు చూసి కాదు, అమరిక పేరు చూసి కొనాలి.

చుక్క పరిమాణాన్ని ఎంఓఏలో చెబుతారు. 25 మీటర్ల దూరంలో 3 ఎంఓఏ చుక్క సుమారు 22 మిల్లీమీటర్లు కప్పుతుంది. 6 ఎంఓఏ అయితే సుమారు 44. పెద్ద చుక్క త్వరగా కనబడుతుంది, చిన్న చుక్కతో సూక్ష్మంగా గురిపెట్టవచ్చు.

చెన్నైలాంటి ఉక్క, చెమట ఉన్న ఊళ్లలో దీపం మూసి ఉన్న రకం మేలు. తెరిచి ఉన్న రకంలో నీటి బొట్టో, దూదిపోగో దీపానికి అడ్డం పడితే చుక్క చెదిరిపోతుంది. బ్యాటరీ పైనుంచో పక్కనుంచో మార్చేలా ఉండాలి. అడుగున ఉంటే మార్చినప్పుడల్లా సైటు ఊడదీయాలి, మళ్లీ గురి సరిచూడాలి.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా కనిపిస్తే వెంటనే వస్తువును తప్పుపట్టవద్దు. సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే లోపం కంటిది. చాలాసార్లు అది ఆస్టిగ్మాటిజం.

బిగించే పద్ధతి

మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

స్క్రూలు, వాటి రంధ్రాలు నూనె లేకుండా తుడవాలి. కంపెనీ ఇచ్చిన స్క్రూలే వాడాలి. ఒక్క మిల్లీమీటరు పొడవెక్కువైనా కొన్ని పిస్తోళ్లలో లోపలి భాగాలను నొక్కి, పేలిన తూటా గుల్ల బయటికి రాకుండా చేస్తుంది. నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఒక బొట్టు చాలు. ఎంత బలంతో బిగించాలో కంపెనీ కాగితంలో ఉంటుంది, దానికోసం టార్క్ రెంచి వాడాలి. చేతి అంచనా పనికిరాదు. కాల్చిన ప్రతిసారీ స్లైడ్ వేగంగా వెనక్కి పోయి ముందుకు వస్తుంది. వదులుగా ఉన్న సైటు ఊడుతుంది, అతిగా బిగిస్తే స్క్రూ తెగుతుంది. బిగించాక స్క్రూ తలమీద, పక్కన కలిపి పెయింటు గీత పెట్టండి. గీత విరిగితే స్క్రూ కదిలినట్టే.

తరువాత అనుమతి ఉన్న రేంజిలో, శిక్షకుని సమక్షంలో, చేతులకు ఆధారం పెట్టుకుని కాల్చి గురి సరిచేసుకోవాలి. ఇంట్లో, మేడ మీద, తోటలో ఆ పని కూడదు. పాత సైట్లు తీసేయకండి. బ్యాటరీ ఆగితే మిగిలేవి అవే. ఏటా ఒక తేదీ పెట్టుకుని, ఉగాది అయినా సరే, బ్యాటరీ మార్చండి.

చుక్క గురిని సులువు చేస్తుంది. చేతి నిలకడనూ, ట్రిగ్గర్ మీద అదుపునూ అభ్యాసమే ఇస్తుంది. చుక్క ఉంది కదా అని అభ్యాసం మానేసినవారికంటే, పాత సైటుతో నెలకొకసారి రేంజికి వెళ్లేవారి చేతిలోనే ఆయుధం క్షేమం. ఎన్నికలప్పుడు పోలీసులు అప్పగించమంటే సైటుతో సహా అప్పగించి, రసీదులో సైటు సంగతి కూడా రాయించుకోవడం మరవకండి.