మట్టి గోడకు సిమెంటు పూత వేయించే ముందు...

ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యల మట్టి ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవాళ్లం మనలో చాలామందిమే ఉన్నాం. గోడ పెచ్చులూడిందని ఫోన్ రాగానే సిమెంటు పూత వేయించమని డబ్బు పంపేస్తాం. పంపే ముందు ఒక్క నిమిషం ఆగమంటాను. నేనుండే న్యూ మెక్సికోలో ఇదే పని చేసిన ఒక ఊరి అనుభవం మనకూ పనికొస్తుంది.

ఇక్కడి అడోబీ అంటే మన పచ్చి ఇటుకే. బంకమన్ను, ఇసుక, గడ్డి నీళ్లతో కలిపి, చెక్క అచ్చులో పోసి ఎండబెడతారు. కాల్చరు. బంకమన్ను ఎక్కువైతే ఇటుక బీటలు వారుతుంది, తక్కువైతే పొడిగా రాలిపోతుంది. మందపాటి గోడ దాటి పగటి ఎండ వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అందుకే పగలు ఇల్లు చల్లగా ఉంటుంది.

రాంచోస్ దె తావోస్‌లో ఇలా మట్టితో కట్టిన శాన్ ఫ్రాన్సిస్కో దె అసీస్ చర్చి ఉంది. వయసు 200 ఏళ్ల పైమాటే. మాటిమాటికీ మట్టి పూయలేక 1967లో దానికి సిమెంటు పూత వేశారు. ఆ పూత పగిలి, పగుళ్లలోంచి వాన నీరు లోపలికి దిగింది. మట్టి పూత అయితే ఆ తడి బయటికి ఆరిపోయేది. సిమెంటు ఆరనివ్వలేదు. పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల ఇటుకలు మెత్తబడ్డాయి. చివరికి 1979లో ఆ పూత తీసేసి మళ్లీ మట్టే పూశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాం గానీ, అక్కడ ఏటా ఊరివాళ్లంతా కలిసి ఇష్టంగా అడుసు కలిపి గోడలకు పూస్తారు.

మన ఊళ్లోనూ మట్టికీ సిమెంటుకీ మధ్య జరిగేది ఇదే. ముసురు పట్టినప్పుడు ఆ గోడ పక్కనే మనవాళ్లు పడుకుంటారని మరచిపోవద్దు.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడమనండి. కప్పు కారుతోందా, చూరు పొట్టిగా ఉందా, గోడ మొదట్లో నీళ్లు నిలుస్తున్నాయా? అది సరిచేశాక మట్టి, గడ్డి కలిపిన పూత పూయించి, పైన సున్నం వేయిస్తే చాలు. ఇప్పటికే సిమెంటు పూత ఉంటే తొందరపడి పగలగొట్టించకండి. లోపలి ఇటుక ఎలా ఉందో తెలియదు కదా. మట్టి పని తెలిసిన మేస్త్రీకి చూపించాకే చేయి వేయమనండి.