35 కొట్టిన అంటె సరిపోదు

గాలి మిషిన్ కాడ పిల్లగాడు "ఎంత కొట్టాలె తాతా?" అని అడిగితె మా కాకది ఎప్పుడూ ఒక్కటే జవాబు: "అందరికెంత కొడుతున్నవో గంతే కొట్టు బిడ్డా." కాకది 1986 మోడల్ అంబాసిడర్. హన్మకొండల ముప్పై ఏండ్లు టాక్సీ నడిపిండు. ఇప్పుడు ఆ బండిని పెండ్లిళ్లకు, షూటింగులకు కిరాయికి తిప్పుతడు. పాత కారు ముచ్చట అనంగనే పైసలున్నోళ్ల షోకు అనుకుంటరు గని, మా కాకకు అది కూడు పెట్టే బండి.

పోయిన ఎండకాలం ఆరుగురిని ఎక్కించుకొని హైదరాబాద్ నుంచి వస్తుంటె, జనగామ దాటినంక ఎనుక ఎడమ టైరు పగిలింది. బండి రోడ్డు మీద వంకర్లు తిరిగి డివైడర్‌కు జానెడు దూరంల ఆగింది. ఎవ్వలకు ఏం కాలేదు. ఎండకు పగిలిందని అందరన్నరు. నేను మిగిలిన మూడు టైర్లు చూసిన. ఎనుక కుడి టైరు రెండంచులు అరిగి, నడుమ కొత్తగనే ఉన్నది. ముందటి రెండు టైర్లు నడుమ అరిగి, అంచులు మంచిగున్నయి. అంటె ఎనుక గాలి తక్కువ, ముందట ఎక్కువ. స్టీరింగ్ అల్కగ తిరుగుతదని ముందట కొంచెం ఎక్కువనే కొట్టిచ్చుడు ఆయనకు అలవాటట. పవర్ స్టీరింగ్ లేని బండ్ల డ్రైవర్లల్ల శానమందికి ఉన్న అలవాటే.

బండిని మోసేది టైరు కాదు, దాని లోపటి గాలి. గాలిని కొలిచే పీఎస్ఐ అంటె చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి అని. ఒక చక్రం మీద 300 కిలోలు, అంటె 660 పౌండ్లు పడ్డయనుకోండ్రి. గాలి 30 ఉంటె నేలకు ఆనే జాగ 22 చదరపు అంగుళాలు. అదే చక్రం మీద 400 కిలోలు పడితె 29 అంగుళాలు కావాలె. ఉజ్జాయింపు లెక్కనే, టైరు గట్టిదనం కూడ కొంత మోస్తది. గని సంగతి గిదే: బరువు పెరిగి గాలి పెరగకపోతె టైరు ఇంకా అణుగుతది. చక్రం తిరిగినప్పుడల్లా టైరు పక్కలు మడతపడి లేస్తయి. ఆ మడతకు వేడి పుడుతది. వేడికి లోపటి దారాల పొరలు రబ్బరును విడుస్తయి. పగిలేది ఎండకు కాదు, ఈ వేడికి. ఎండ దానికి తోడయితది.

మరి ఎంత కొట్టాలె? పాత పుస్తకం తీస్తె ఇరవైల లెక్క ఉంటది. అంబాసిడర్ 1958ల ఉత్తరపారాల మొదలైన బండి, దాని మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అప్పటి టైరు 5.90-15 సైజు, మనోళ్లు నైలాన్ టైరు అంటరు. దాంట్ల దారాలు ఒకదాని మీదొకటి ఏటవాలుగ పోతయి, పక్కలు గట్టిగుంటయి. రేడియల్ టైరుల దారాలు అడ్డంగ పోతయి, నేలకు తాకే దగ్గర పట్టీ ఉంటది, పక్కలు మెత్తగుంటయి. అందుకే రేడియల్‌ల గాలి సరిగ్గ ఉన్నా జర ఉబ్బినట్టె కనవడుతది. దాన్ని చూసి గాలి తక్కువుందని ఇంకింత కొట్టిస్తరు. కంటితోని చూసి, కాలుతోని తన్ని గాలి చెప్పుడు నైలాన్ కాలం ముచ్చట.

నైలాన్ తీసి రేడియల్ ఏస్తె పుస్తకంల లెక్క నడువది, కొన్ని పౌండ్లు పెంచాలె. సైజుల ఇంగ్లీషు ఆర్ అక్షరం ఉంటె అది రేడియల్. ఒకే ఇరుసుకు ఒకటి నైలాన్, ఒకటి రేడియల్ ఎప్పుడు ఎయ్యొద్దు. ముందట రేడియల్ ఏసి ఎనుక నైలాన్ ఉంచుడు ఇంకా ప్రమాదం, మలుపుల ఎనుక భాగం జారుతది. ఇగ టైరు మీద అచ్చేసిన పెద్ద నంబరు ఉంటది సూడు, అది కొట్టాల్సిన లెక్క కాదు. దాటొద్దని పెట్టిన గీత. దాన్నే చదివి కొట్టే దుకాణాలు బొచ్చెడు.

కాక బండికి లెక్క మేము గిట్ల తేల్చినం. పొద్దుగాల, ఎండ పడకముందు, బండి నడువకముందు గాలి చూసినం. నడిచిన బండిల గాలి పెరుగుతది, అప్పుడు చూసి తగ్గిచ్చుడు పెద్ద తప్పు. ముందట 28, ఎనుక 30 పెట్టి, టైరు మీద అడ్డంగ సుద్దముక్కతోని మందంగ గీసి, సీదా రోడ్డు మీద కొద్దిదూరం నడిపినం. గీత అంతట ఒక్కతీరు చెరిగితె గాలి సరిగ్గున్నట్టు. నడుమనే చెరిగితె ఎక్కువ, అంచులే చెరిగితె తక్కువ. తర్వాత అరగంట నడిపి మళ్ల కొలిసినం. నాలుగు దాకా పెరిగితె పర్వాలేదు. ఏడెనిమిది పెరిగిందంటె టైరు మస్తు మడతపడుతున్నది, చల్లగున్నప్పుడు ఇంకింత కొట్టాలె. అసలే పెరగకపోతె మొదలే ఎక్కువ కొట్టినట్టు. ఆరుగురు ఎక్కితె ఎనుక 34 కావాలెనని గట్లనే తేలింది. ఇది కాక బండికి, ఆ టైర్లకు. మీ బండి ఇంజన్ మారినా, డిక్కీల గ్యాస్ సిలిండర్ పెట్టినా లెక్క మళ్ల చూసుకోవాలె.

పాత రిమ్ములకు ట్యూబ్ ఉండాల్సిందే. టైరు అంచును పట్టి ఉంచే గట్టు వాటికి ఉండది. టైరు పుట్టిన తేదీ కూడ సూడుండ్రి, నాలుగంకెలు: 2319 అంటె 2019ల 23వ వారం. పగిలిన టైరు మీద 1108 ఉన్నది. గంత పాత రబ్బరుకు ఏ గాలి లెక్కా దిక్కు కాదు. గని కొత్త టైరుకు పైసలు లేనోడే పాతది నడుపుతడు, ఆ మాట కూడ అనుకోవాలె.

నాకు కోపమొచ్చేది గేజీల సంగతిల. కొత్త గేజీ కొని మూడు బంకుల తిరిగిన. ఒక దాంట్ల మిషిన్ 35 చూపిస్తె నాది 29 చూపిచ్చింది. ఒక కాడ సరిగ్గున్నది. మూడో కాడ మిషిన్ ఖరాబని బోర్డు, పక్కనే నైట్రోజన్ మిషిన్ మాత్రం నడుస్తున్నది, టైరుకింత అని పైసలు. మనం పీల్చే గాలిల 78 శాతం నైట్రోజనే ఉన్నది కదా! బంకుల గాలి ఉట్టిగనే కొట్టాలెనని ఆయిల్ కంపెనీల రూలే ఉన్నది. అడుగుండ్రి, ఫిర్యాదు పుస్తకం ఇయ్యమనుండ్రి. మిషిన్ కాడ నిలబడ్డ పిల్లగాని మీద మాత్రం ఒర్రకుండ్రి, గేజీ సరిచేయించేది వాడు కాదు.

మొన్న మాఘమాసం పెండ్లికి పోతున్నప్పుడు కాక నాకు ఫోన్ చేసిండు. "ఆరుగురున్నరు, సామాను ఉన్నది. ఎనుక 34 పెట్టిన. గేజీ నాదే. సరిపోతదా, ఇంకో రెండు కొట్టనా?" సామాను ఎన్ని కిలోలుంటదని అడిగిన.